ఎర్రమట్టి మీద మతం లేని ఊరు

1968 ఫిబ్రవరి 28. పాండిచ్చేరికి ఉత్తరంగా పది కిలోమీటర్ల దూరంలో, చెట్టూ చేమా లేని ఒక ఎర్రటి మెరక మీద దాదాపు అయిదువేలమంది పోగయ్యారు. 124 దేశాల నుంచీ, మన రాష్ట్రాల నుంచీ వచ్చిన కుర్రకారు తమతమ ప్రాంతాల మట్టిని గుప్పిళ్ళతో తెచ్చి, తామరమొగ్గ ఆకారంలో ఉన్న ఒక పాలరాతి పాత్రలో పోశారు. దగ్గర్లో ఒక మర్రిచెట్టు. చుట్టుపక్కల నీడంటూ ఉన్నది ఆ చెట్టు కింద మాత్రమే. ఇదంతా ఎవరి ఆలోచనో ఆ మనిషి అక్కడికి రాలేదు. మిర్రా అల్ఫాసాకి అప్పటికి వారం కిందటే తొంభై నిండాయి. పారిస్‌లో పుట్టి, పాండిచ్చేరిలో అరవిందుడి పక్కన నిలబడి, ఆశ్రమమంతటికీ ‘మదర్’ అయిన ఆవిడ, తన గదిలోంచే రేడియో ద్వారా నాలుగు పాయింట్ల ఒక చార్టర్ చదివి వినిపించింది. ఆరోవిల్ పుట్టింది.

నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ వాణ్ణి. మా పనిలో ఏదైనా మొదలెట్టేముందు ఏం కావాలో, ఏం అక్కర్లేదో రాసుకుంటాం. ఆ కళ్ళతో చూస్తే ఈ చార్టర్ భలే వింత డాక్యుమెంటు. ఒక్క పేజీ కూడా నిండదు. ఈ ఊరు ఎవరిదీ కాదు, మొత్తం మానవజాతిది అంటుంది. ఇక్కడ చదువుకి అంతుండదు అంటుంది. గతానికీ భవిష్యత్తుకీ వంతెన అంటుంది. భౌతికమైనవీ ఆధ్యాత్మికమైనవీ పరిశోధనలు రెండూ జరగాలంటుంది. ఏ దేవుడికి మొక్కాలో లేదు, ఏం తినాలో లేదు, పెళ్ళి ఎలా చేసుకోవాలో చచ్చిపోతే ఏం చెయ్యాలో లేదు. షరతు ఒక్కటే: ఇక్కడ ఉండదలచుకున్నవాళ్ళు దివ్యచైతన్యానికి ఇష్టపూర్వకంగా సేవకులై ఉండాలి. ఆ దివ్యచైతన్యం అంటే ఏమిటో మాత్రం నిర్వచించలేదు. రెండేళ్ళ తర్వాత, 1970లో, మరీ స్పష్టంగా చెప్పింది: ఆరోవిల్‌లో మతాలుండవు, మతాలని చరిత్రలో భాగంగా చదువుకోవచ్చు, అంతే.

ఒక మతం పెట్టడం కష్టం కాకపోవచ్చు. మతం కాకుండా ఉండేలా ఒక ఆధ్యాత్మిక సమాజాన్ని పెట్టడం, పెట్టినామె పోయాక కూడా దాన్ని అలాగే ఉంచడం, అదీ కష్టం. నాకు ఆరోవిల్ చరిత్రలో ఆసక్తి కలిగించింది ఈ చిక్కే. టూరిస్టు ఫొటోల్లో కనిపించే బంగారు గోళం కాదు.

ముందు ఆ నేల సంగతి. అది లాటరైట్ మట్టి. మనవైపు జంబిట్ట రాయి తెలిసినవాళ్ళకి ఆ ఎరుపు తెలుసు. సముద్రం వైపు వాలుగా ఉన్న మెరక. అక్కడ వాన ఎక్కువభాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపు, ఈశాన్య రుతుపవనంలో, కుండపోతగా పడుతుంది. పట్టి ఉంచే వేళ్ళు లేవు కాబట్టి నీళ్ళతోపాటు పైమట్టి కూడా బంగాళాఖాతంలోకి పోయేది. వానాకాలంలో ఒడ్డున సముద్రం ఎర్రబడేదని తొలిరోజులవాళ్ళు అందరూ రాశారు. మట్టి పోయినచోట వంకలు పడ్డాయి, వంకలు కోసుకుపోయి లోయలయ్యాయి. వాటిని అక్కడ ఇప్పటికీ ‘కాన్యన్లు’ అనే అంటారు. కొద్దిపాటి జీడిమామిడి తోటలు, తాటిచెట్లు, వర్షాధారంగా వేసే పంటలు, మేకలు, ఊళ్ళు.

ఈ ఎండిపోవడానికి దగ్గర్లోని ఇరుంబై ఊళ్ళో ఒక కథ చెబుతారు. కడువెలి సిద్ధుడనే ఒక యోగి కఠోరమైన తపస్సులో ఉంటే చుట్టూ పుట్ట లేచిందట. వానల్లేక రాజు కంగారుపడి, తపస్సు మాన్పించమని ఒక నాట్యగత్తెను పంపాడు. ఆవిడ చాలా తెలివైంది. రాలిన ఆకులకోసం సిద్ధుడు చాపే చేతిలో అప్పడం పెట్టడం మొదలెట్టింది. అప్పడాలతో తపస్సు భగ్నమైన యోగి బహుశా మన పురాణాలన్నిటిలో ఈయనొక్కడే. తర్వాత గుళ్ళో ఆవిడ నాట్యం చేస్తుంటే కాలి అందె జారిపోయింది, సిద్ధుడు లేచి తొడిగాడు, జనం నవ్వారు. ఆయన కోపానికి గుళ్ళో శివలింగం పగిలింది, నేల ఎడారైపొమ్మని శాపం పడింది. కాళ్ళ మీద పడ్డాక శాపవిమోచనం ఒకటి చెప్పాడు: ఎప్పటికో దూరదేశాలవాళ్ళు వచ్చి దీన్ని మళ్ళీ పచ్చగా చేస్తారు. ఈ చివరి వాక్యం ఎప్పుడు కథలో చేరిందని అడగాలనిపిస్తుంది. ఏదైనా, ఆరోవిల్ వాళ్ళకి ఈ కథ ఎంతో ఇష్టం. శాస్త్రం అక్కర్లేదన్నవాళ్ళకి కూడా ఒక పురాణం అక్కర వస్తుంది.

ఇక్కడే ఒక విషయం గట్టిగా చెప్పాలి. మదర్ పెట్టమన్నది అడవి కాదు, నగరం. యాభైవేలమంది ఉండే నగరం. ఫ్రెంచి ఆర్కిటెక్టు రోజే ఆంజే గీసిన ప్లాను పేరు ‘గెలాక్సీ’. మధ్యలో మాతృమందిరం, దాని చుట్టూ నక్షత్రమండలంలా తిరిగే భవనాల వరసలు, నగరానికి రెండున్నర కిలోమీటర్ల వ్యాసం, ఆ బయట కిలోమీటరుంబావు వెడల్పున పచ్చని పట్టీ. కాగితం మీద పచ్చదనం నగరానికి అంచు మాత్రమే. నేల మీదికి వచ్చేసరికి క్రమం తిరగబడింది. గోచీ పెట్టుకుని, తాటాకు గుడిసె వేసుకుని అక్కడ కాపురం మొదలెట్టిన ఫ్రెంచివాళ్ళకీ అమెరికన్లకీ జర్మన్లకీ మొదటి ఏప్రిల్లోనే అర్థమైంది, నీడ లేకుండా చైతన్యం సంగతి తర్వాత, ముందు మనిషే మిగలడని. నగరం కట్టాలంటే నీళ్ళుండాలి. నీళ్ళుండాలంటే మట్టి నిలవాలి. మట్టి నిలవాలంటే వాన పారిపోకుండా ఆపాలి.

దాంతో గట్లు పడ్డాయి. ప్రతి చెక్కకీ చుట్టూ మట్టికట్ట, వాలుకి అడ్డంగా కందకాలు, వంకలకి చెక్‌డ్యాములు. పెట్టుకున్న గురి ఒకటే, పడ్డ చినుకు పడ్డచోటే ఇంకాలి. మన దగ్గర 2000లో ‘నీరు-మీరు’ పేరుతో ఊరూరా కందకాలు తవ్వించినప్పుడు విన్నవాళ్ళకి ఈ లెక్క కొత్త కాదు. మొక్కలకి ఎద్దుబండ్ల మీద నీళ్ళు మోశారు. మేకలు తినేస్తే ముళ్ళకంచె వేశారు, చెదలు తింటే మళ్ళీ నాటారు. ముందు ఏది బతికితే అది నాటారు. వాటిలో ముఖ్యమైంది ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఒక తుమ్మజాతి చెట్టు. ఆకులు విపరీతంగా రాల్చి, నేలకి నత్రజని ఇచ్చి, మిగతావాటికి దారి చేసింది. ఆరోవిల్‌లో దానికి ‘పని చెట్టు’ అని పేరు. దాని నీడలో తర్వాత అసలువి మొలిచాయి: పాల, అల్లి, నేరేడు లాంటి ఆ తీరపు సొంత చెట్లు. 

ఈ సొంత అడవి గురించి మనం ఒక్క నిమిషం ఆగాలి. ఎందుకంటే అది మనది కూడా. కోరమాండల్ తీరం వెంబడి ఒకప్పుడు పరుచుకున్న, ఎండాకాలంలోనూ ఆకు రాల్చని పొట్టి, చిక్కటి అడవి అది. దేశంలో అతి తక్కువ మిగిలిన అడవుల రకాల్లో ఒకటి. తమిళనాట గుళ్ళ చుట్టూ వదిలేసిన చిన్నచిన్న తోపుల్లో కాస్త మిగిలింది. ఆరోవిల్ వాళ్ళు ఆ తోపుల్లోకి వెళ్ళి విత్తనాలు ఏరుకొచ్చేవాళ్ళు. ఇంకా పెద్దగా మిగిలినచోటు మన శ్రీహరికోట. రాకెట్టు ఎగిరేటప్పుడు టీవీలో వెనకాల ఆకుపచ్చగా కనిపించేది ఈ అడవి చుట్టమే. అయ్యనార్ గుడి భయం ఒకచోట, అంతరిక్ష కేంద్రం కంచె ఒకచోట అడవిని కాపాడాయి. నమ్మకం, నిషేధం. రెండూ లేకుండా, కేవలం ఇష్టంతో అదే అడవిని పెంచుదామన్నది ఆరోవిల్ ప్రయత్నం. వాళ్ళ లెక్క ప్రకారం నాటినవి ఇరవై ముప్పై లక్షల మొక్కలు.

ఇది అరవిందుడి తత్వంతో ఎలా అతుకుతుంది? మనకి తెలిసిన చాలా ఆధ్యాత్మిక మార్గాల్లో భూమి ఒక వెయిటింగ్ రూము. శంకరుడి దారిలో జగత్తు మిథ్య. 1914 నుంచి ‘ఆర్య’ పత్రికలో సీరియల్‌గా రాస్తూపోయిన ‘ద లైఫ్ డివైన్’లో అరవిందుడు గొడవపెట్టుకున్నది ప్రధానంగా దీనితోనే. ఆయనకి పదార్థం మాయ కాదు, అది చైతన్యం ముడుచుకుని ఉన్న స్థితి. మోక్షం అంటే ఇక్కణ్ణుంచి పారిపోవడం కాదు, ఇక్కడే, ఈ దేహంలోనే, ఈ నేలమీదే మార్పు రావాలి. ఆయన వచనం ఎంత కష్టమో చదివినవాళ్ళకి తెలుసు. ఒక్కో వాక్యం నడిమధ్యలో బస్సు దిగి ఊపిరి తీసుకోవాలనిపిస్తుంది. కానీ గట్టు వేస్తున్న మనిషికి దాన్నుంచి కావలసింది ఒక్క వాక్యమంత సారాంశమే: మట్టి పని ధ్యానం కన్నా తక్కువది కాదు.

తెలుగువాళ్ళకి ఈ పాండిచ్చేరి వ్యవహారంతో పాత సంబంధమే ఉంది. 1948లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు అరవిందుడికి జాతీయ బహుమతి ఇచ్చింది. బహుమతి కట్టమంచి రామలింగారెడ్డి పేరిట, ఇచ్చింది వైస్‌ఛాన్సలర్‌గా ఆయనే. చెరువుకట్ట తెగకుండా ప్రాణం ఇచ్చిన ఆడమనిషి మీద ‘ముసలమ్మ మరణం’ రాసిన కవి ఆయన. ఇరవయ్యేళ్ళ తర్వాత అరవిందుడి పేరు మోసే నేలమీద గట్లు వేస్తారని ఆయనకి తెలిసే అవకాశం లేదు. 

గట్లు వేసింది ఎవరు అన్నదీ అడగాలి. తొలిరోజుల జ్ఞాపకాల్లో గడ్డపార పట్టుకున్న యూరపు కుర్రాళ్ళ ఫొటోలు బాగా కనిపిస్తాయి. కానీ కుయిలాపాళయం, ఎడయన్‌చావడి, ఆలంకుప్పం లాంటి ఊళ్ళ తమిళ కూలీలు లేకుండా, ముఖ్యంగా మట్టి తట్టలు మోసిన ఆడవాళ్ళు లేకుండా, ఆ పని జరిగేదే కాదు. నేల కూడా ఆ ఊళ్ళవాళ్ళ దగ్గరే విరాళాలతో కొన్నారు. ‘ఎవరిదీ కాని’ ఊరికి ముందు అది ఎవరో ఒకరిదే. ఈరోజు ఆరోవిల్ వాసులు మూడువేల పైచిలుకు, అరవై దాకా దేశాలవాళ్ళు, అందులో సుమారు సగం భారతీయులు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి రోజూ పనికి వచ్చేవాళ్ళు అంతకన్నా ఎక్కువమంది. డబ్బు పాత్ర లేని సమాజం కావాలన్నది మదర్ కల. ఆ కల లోపలివాళ్ళ మధ్య ఎంతోకొంత నడిచింది. గేటు దగ్గర మాత్రం దినకూలీ దినకూలీయే. 

1973 నవంబరు 17న మదర్ చనిపోయింది. ఇప్పటిదాకా ఏ గొడవొచ్చినా ఆవిడని అడిగేవాళ్ళు. ఇప్పుడు అడగడానికి ఎవరూ లేరు, రాసిన నియమాలూ లేవు. నియమాలు లేకపోవడమే కదా మొదట్నుంచీ గొప్ప అనుకున్నది! పిడివాదం లేని సమాజానికి నాయకుడు పోయిన మర్నాడే అసలు పరీక్ష. నేలా డబ్బూ కాగితాల మీద పాండిచ్చేరిలోని శ్రీ అరబిందో సొసైటీ పేరున ఉన్నాయి. ఆరోవిల్ మాది అన్నారు వాళ్ళు. ఎవరిదీ కాదని చార్టర్లోనే ఉంది అన్నారు వీళ్ళు. నిధులు ఆగిపోయాయి, పోలీసులు వచ్చారు, అరెస్టులు జరిగాయి. 1976లో కొన్ని దేశాల రాయబారులు కలగజేసుకుని తిండిగింజలు అందించాల్సి వచ్చింది. ఆకలి సంగతి అది.

అదే సమయంలో లోపల ఇంకోటి జరిగింది, దాని గురించి నాకు ఎక్కువ బెంగ. బయట శత్రువు కనపడ్డాక లోపల శుద్ధి మొదలైంది. మదర్ మాటలని ఎవరు ఎక్కువ నమ్ముతున్నారన్నది కొలబద్ద అయింది. బళ్ళు మూతపడ్డాయి. చైతన్యం వికసించడానికి పాఠ్యపుస్తకాలెందుకన్నారు. ఆరోవిల్‌లోనే పెరిగిన ఆకాశ్ కపూర్ 2021లో ‘బెటర్ టు హావ్ గాన్’ అనే పుస్తకం రాశాడు. అందులో డయాన్ మేస్ అనే బెల్జియం యువతి కథ ఉంటుంది. 1976లో మాతృమందిరం కట్టడం పనిలో పైనుంచి పడింది. నడుము కింద కదలిక పోయింది. దేహం తనంతట తానే మారుతుందన్న నమ్మకంతో వైద్యం పెద్దగా తీసుకోలేదు, పదేళ్ళు అలాగే గడిపింది. ఆమెతో ఉన్న జాన్ వాకర్ అనే అమెరికన్ కూడా జబ్బుపడి, వైద్యం వద్దన్నాడు. 1986లో ఇద్దరూ ఒకేరోజు చనిపోయారు. డయాన్ కూతుర్నే కపూర్ తర్వాత పెళ్ళి చేసుకున్నాడు. అందుకని పుస్తకంలో కోపమూ ఉంటుంది, ఆ ఊరి మీద ప్రేమా ఉంటుంది, రెండూ ఒకే పేజీలో ఉంటాయి. దాన్ని చదివాక నాకు అర్థమైంది ఏంటంటే, డాక్టర్ దగ్గరికి వెళ్ళొద్దని వాళ్ళకి ఎవరూ శాసనం చెయ్యలేదు. అలాంటి నియమం ఎక్కడా రాసి లేదు. రాసి ఉంటే ఎవరైనా దానితో వాదించేవాళ్ళు. గాల్లో ఉన్న నమ్మకంతో వాదించడం ఎలా?

కొట్లాట చివరికి ఢిల్లీ చేరింది. సొసైటీ నిధుల వాడకంలో తీవ్రమైన అవకతవకలున్నాయని ప్రభుత్వ కమిటీ తేల్చడంతో, 1980లో ఇందిరాగాంధీ ప్రభుత్వం ఆరోవిల్ నిర్వహణని తాత్కాలికంగా తీసుకునే చట్టం చేసింది. సొసైటీ తరఫువాళ్ళు సుప్రీంకోర్టుకి వెళ్ళారు. ఇక్కడ కథ ఎంత వంకర తిరిగిందో చూడండి. రాజ్యాంగంలో 26వ అధికరణం మత శాఖలకి తమ వ్యవహారాలు తామే చూసుకునే హక్కు ఇస్తుంది. ఆ హక్కు కావాలంటే ఏం చెప్పాలి? మాది మతమే అని చెప్పాలి. జీవితాంతం మేం మతం పెట్టడంలేదని చెప్పిన ఇద్దరి పేరు మీద, వాళ్ళ వారసులు కోర్టులో నిలబడి, కాదు, ఇది మతమే అని వాదించారు.

ఎస్.పి. మిట్టల్ కేసుగా పేరుపడ్డ ఆ తీర్పు 1982 నవంబరులో వచ్చింది. అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం. నాలాంటి లా చదవనివాడికి కూడా ఈ తీర్పు నవలలా సాగుతుంది, ఎందుకంటే అందులో యోగం అంటే ఏమిటి, మతం అంటే ఏమిటి అని జడ్జీలు నిజంగానే తన్నుకులాడతారు. మెజారిటీ తేల్చింది ఇది: అరవిందుడి బోధ తత్వశాస్త్రం, మతం కాదు. పన్ను మినహాయింపు అడిగినప్పుడు సొసైటీ తనని తాను విద్య, సంస్కృతి, శాస్త్రపరిశోధనల సంస్థగా చెప్పుకుందన్న విషయాన్ని కూడా కోర్టు ఎత్తిచూపింది. 

ఈ ఒక్క విషయంలో విడిగా మాట్లాడింది మనవాడు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకి వెళ్ళిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. అరవిందుడు మతం పెట్టలేదన్నాడు నిజమే, కానీ గొప్ప మతబోధకులెవరు తాము కొత్త మతం పెడుతున్నామని చెప్పుకున్నారు గనక, అన్నది ఆయన ప్రశ్న. కొత్త మతం కాకపోయినా హిందూమతంలో ఒక కొత్త శాఖ అనుకోవచ్చు అన్నాడు. అయితే ఒక టౌన్‌షిప్ నిర్వహణ మతవిషయం కాదు కాబట్టి చట్టం చెల్లుతుందని మిగతావాళ్ళతోనే చేరాడు. వామపక్ష భావాలున్న జడ్జిగా పేరున్న మనిషి, మతం కాదంటే సులువుగా అయిపోయే కేసులో, మతమే కావచ్చు అనడం నాకు నచ్చింది. స్థాపకుడు ఏమన్నాడన్నది ఒకటి, అనుచరులు దాన్ని ఏం చేశారన్నది ఇంకొకటి. డయాన్ మేస్ మంచం మీద ఉన్న రోజులవి. ఆ తీర్పు చదువుతున్నప్పుడు నాకు ఆ సంగతి గుర్తురాకుండా ఉండదు.

1988లో పార్లమెంటు ఆరోవిల్ ఫౌండేషన్ చట్టం చేసి, దాన్ని శాశ్వతంగా ఒక చట్టబద్ధ సంస్థ చేసింది. పైన ప్రభుత్వం నియమించే గవర్నింగ్ బోర్డు, అంతర్జాతీయ సలహామండలి, నివాసుల సభ. ఎవరిదీ కాని ఊరు కాగితం మీద భారత ప్రభుత్వ సంస్థ అయింది. ఆనాడు చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. మూడు దశాబ్దాలు ప్రభుత్వం దూరంగానే ఉంది. ఆ నిశ్శబ్దంలో పెరిగింది అడవి. 

మాతృమందిరం కూడా ఆ కాలంలోనే నెమ్మదిగా లేచింది. 1971లో శంకుస్థాపన, 2008లో పూర్తి. ముప్పై ఏడేళ్ళు. లోపల తెల్లటి గది, మధ్యలో ఒక గాజుగోళం, పైనుంచి దానిమీద పడే ఎండ. విగ్రహం లేదు, పువ్వుల్లేవు, అగరొత్తి లేదు, ఎవరూ ఏమీ చెప్పరు. మాట్లాడకుండా కూర్చోవడమే. లోపలికి వెళ్ళేముందు వాళ్ళిచ్చే తెల్లసాక్సులు వేసుకోవాలి. నేనూ వేసుకున్నాను. ఏ నియమమూ లేని గుడిలో సాక్సుల నియమం ఒకటి ఉండటం చూసి నవ్వొచ్చింది కానీ, తెల్ల తివాచీ చూశాక అది తత్వం కాదు, లాండ్రీ అని తెలిసింది. నిజం చెప్పాలంటే నాకు ఆ గదికన్నా బయట ఒక గట్టు మీద కూర్చున్న అరగంటే ఎక్కువ పట్టింది. 

2011 డిసెంబరు 30న థానే తుఫాను వచ్చింది. ఒక్క రాత్రిలో వేల చెట్లు. ఎక్కువగా పడ్డవి ఆ పరాయి ‘పని చెట్లు’. వేళ్ళు లోతుగా దిగిన స్థానిక జాతులు మెరుగ్గా నిలబడ్డాయి. దీన్నుంచి దేశీ-విదేశీ నీతికథ అల్లేవాళ్ళుంటారు. నేను అల్లను. ఆ తుమ్మలు లేకపోతే ఆ పాల చెట్లకి మొదటి నీడే లేదు. 

ఇక 2021. కేంద్రం కొత్త బోర్డు వేసింది. యాభైవేల నగరం అన్న లక్ష్యం యాభైమూడేళ్ళయినా మూడువేల దగ్గరే ఆగిపోయిందేం అని అడిగింది. న్యాయమైన ప్రశ్నే. గెలాక్సీ ప్లానులో ‘క్రౌన్’ అనే ఒక వలయాకారపు రోడ్డు ఉంది. దాని దారిలో ఇప్పుడు చెట్లున్నాయి, నీళ్ళు పారే వంకలున్నాయి, యూత్ సెంటర్ ఉంది. డిసెంబరు మొదట్లో రాత్రిపూట జేసీబీలు వచ్చాయి. కుర్రవాళ్ళు వాటికి అడ్డంగా నిలబడ్డారు. చెట్లు పోయాయి.

ఇక్కడ ఎటో ఒకవైపు నిలబడటం నాలాంటి వాడికి తేలికే, అడవి వైపు. అయినా రెండోవైపు వాదాన్ని కొట్టిపారెయ్యలేం. ఆరోవిల్ వాసులందరూ రోడ్డుకి వ్యతిరేకం కాదు. పాతకాపుల్లో కొందరు గట్టిగా బోర్డువైపే. మదర్ అడిగింది నగరం, మీరు అడవి పెంచుకుని హాయిగా రిటైరయ్యారు అన్నది వాళ్ళ నింద. అవతలివాళ్ళు రోడ్డే వద్దనలేదు, చెట్లూ నీళ్ళదారులూ చూసుకుని కాస్త వంపు తిప్పండి అన్నారు. బోర్డువైపు వాళ్ళకి వలయం అంటే వలయమే. గుండ్రంగా ఉండాలి.

నాకు అక్కడ చుర్రుమంది. యాభైయేళ్ళు దేవుడి గురించి ఏ సిద్ధాంతమూ పెట్టుకోకుండా గడిపిన ఊరు ఒక గీత గురించి సిద్ధాంతం పెట్టుకుంది. మా రంగంలో దీన్ని రోజూ చూస్తాం. మొదటి డిజైను గీసినవాడు వెళ్ళిపోతాడు, ఎందుకలా గీశాడో ఎవరికీ తెలీదు, కానీ దాన్ని ముట్టుకోడానికి ఎవడికీ ధైర్యం ఉండదు. నేల చూసి గీత మార్చుకునేవాళ్ళే అక్కడ గట్లు వేశారు. నీళ్ళు ఎటు పారతాయో చూసి గట్టు వంపు తిప్పకపోతే మొదటి వానకే తెగుతుంది.

ఇందుకు ఎదురుగా ఇంకో ఉదాహరణ నన్ను వదలదు. రాజస్థాన్ బిష్ణోయీలు. 1485లో జాంభోజీ పెట్టిన ఆ సమాజానికి ఇరవై తొమ్మిది నియమాలు. పచ్చని చెట్టు నరకకూడదన్నది వాటిలో ఒకటి. పచ్చి శాసనం, చర్చ లేదు. 1730లో ఖేజర్లీ ఊళ్ళో జోధ్‌పూర్ రాజు మనుషులు చెట్లు కొట్టడానికి వస్తే, అమృతాదేవితో మొదలుపెట్టి 363 మంది వాటిని కావలించుకుని ప్రాణాలిచ్చారు. శాసనం ఉన్న సమాజంలో చెట్టు వైపా, కాదా అన్న ఓటింగు అక్కర్లేకపోయింది. ఆరోవిల్‌లో ఆ రాత్రి నిలబడ్డవాళ్ళకి ఏ నియమమూ దన్నుగా లేదు. వాళ్ళకీ జేసీబీ పంపినవాళ్ళకీ చూపించడానికి ఉన్నవి అవే నాలుగు పాయింట్లు. శాసనాలంటే పడని నాకు ఈ పోలిక ఇబ్బందిగానే ఉంటుంది. ఉండనీ.

కేసు జాతీయ హరిత ట్రిబ్యునల్‌కి వెళ్ళింది. ముందు స్టే వచ్చింది. 2022 ఏప్రిల్‌లో, టౌన్‌షిప్‌కి పర్యావరణ అనుమతి తీసుకున్నాకే ముందుకెళ్ళమని ఉత్తర్వు వచ్చింది. 2025 మార్చి 17న సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వుని కొట్టేసింది. గెజిట్‌లో అచ్చయిన మాస్టర్‌ప్లానుకి చట్టబలం ఉందనీ, ఇందులో ట్రిబ్యునల్ పట్టించుకోవలసినంత గట్టి పర్యావరణ ప్రశ్న లేదనీ చెప్పింది. 1982లో అదే కోర్టు ఇది మతమా కాదా అని పేజీలకి పేజీలు ఆలోచించింది. ఈసారి ఇది అడవా కాదా అన్నదానికి అంత చోటు పెట్టలేదు. నాటిన అడవి రెవెన్యూ రికార్డుల్లో అడవి కాదు కదా.

ఆ ఏడు కూడా ఈశాన్య రుతుపవనం వచ్చేవేళకి గట్ల మరమ్మతు ఎప్పట్లాగే చేసుకోవాలి. మట్టికట్ట ఏటా కుంగుతుంది, ఎలకలు బొరియలు పెడతాయి, సెప్టెంబరు లోపల గండ్లు పూడ్చకపోతే అక్టోబరులో నీళ్ళు పాత వంకదారే వెతుక్కుంటాయి. క్రౌన్‌కి ఈవైపున్నవాళ్ళ గట్లయినా, ఆవైపున్నవాళ్ళవైనా.